అట్లాంటిక్ దాటిన నత్త

ఆఫ్రికా నుంచి కోటి మందికి పైగా మనుషుల్ని గొలుసులు వేసి, బానిసలుగా ఓడలెక్కించి అమెరికా ఖండాలకు తరలించారు. వాళ్ళ ఒంట్లో రెండు రకాల రక్తపు పురుగులు కూడా సముద్రం దాటాయి. ఒకటి షిస్టోసోమా మాన్సోనై, పేగుల దగ్గరి రక్తనాళాల్లో ఉండేది. రెండోది షిస్టోసోమా హెమటోబియం, మూత్రాశయం దగ్గర చేరి మూత్రంలో రక్తం పడేట్టు చేసేది. మూడు శతాబ్దాలకు పైగా రెండూ అదే దారిన వెళ్తూనే ఉన్నాయి. మొదటిది బ్రెజిల్‌లోనూ, వెనిజులాలోనూ, కరీబియన్ దీవుల్లోనూ పాతుకుపోయింది. రెండోదానికి అక్కడ నిలువ నీడ దొరకలేదు. ఎందుకు?

సగం జవాబు 1915లో ఈజిప్టులో దొరికింది. ఈ పురుగుల గుడ్లు మనిషి మలమూత్రాలతో నీళ్ళలోకి చేరి పగులుతాయని, వాటిలోంచి వచ్చే పిల్లలు నత్తలో దూరి అక్కడ వేలుగా పెరుగుతాయని, మళ్ళీ నీళ్ళలోకి వచ్చి మనిషి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయని శాస్త్రవేత్త రాబర్ట్ లీపర్ తేల్చాడు. రెండు పురుగులకూ వేర్వేరు నత్తలు కావాలి. హెమటోబియానికి బులైనస్, మాన్సోనైకి బయోంఫలేరియా. అమెరికాలో బులైనస్ లేదు, బయోంఫలేరియా ఉంది. రెండో పురుగు కథ అక్కడితో తేలిపోయింది.

మొదటి పురుగు కథ మాత్రం మరింత బిగుసుకుంది. ఈ పురుగులు ఏ నత్తలో పడితే ఆ నత్తలో బతకవు. అలాంటిది, అంతకు ముందెన్నడూ చూడని అమెరికా నత్త బయోంఫలేరియా గ్లాబ్రాటాలో మాన్సోనై పుట్టింట్లో ఉన్నంత హాయిగా ఎలా పెరిగింది? ఉప్పునీటిలో బతకలేని ఈ మంచినీటి బయోంఫలేరియా నత్తలు అసలు అట్లాంటిక్‌కు రెండు వైపులా ఎలా ఉన్నాయి?

ఈ ప్రశ్న చాలాకాలం స్పష్టంగా కనపడకపోవడానికి పేర్లు కూడా కారణమే. ఆఫ్రికా నత్తల్ని బయోంఫలేరియా అన్నారు. అమెరికా నత్తల్ని ఆస్ట్రలార్బిస్, ట్రాపికార్బిస్, టాఫియస్ అంటూ వచ్చారు. 1965లో అంతర్జాతీయ జంతునామకరణ సంఘం అన్నిటినీ ఒక్క పేరు కిందికి తెచ్చింది. ఒకే కుటుంబమని ఒప్పుకున్నాక, కుటుంబం విడిపోయిందెప్పుడన్న విచారణ మొదలైంది.

అప్పట్లో బలంగా వినిపించిన జవాబు గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం. నత్త కదల్లేదు, నేలే కదిలింది అన్నారు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా సుమారు 10 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయి, నత్తలు వాటితోపాటే విడిపోయాయి. ఇది అందమైన వాదన, పైగా పరీక్షకు నిలబెట్టగల వాదన. అదే నిజమైతే అమెరికా నత్తలన్నీ ఒక కొమ్మ మీద, ఆఫ్రికావన్నీ ఇంకో కొమ్మ మీద ఉండాలి. మధ్య దూరం చాలా ఉండాలి.

ఈ పరీక్షలో గుల్ల సాక్ష్యాన్ని నమ్మలేం. మన చెరువుల్లో ఉండే ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్ సంగతే చూడండి. పశువుల ముక్కులో చేరి గురక తెప్పించే పురుగును మోసేది ఈ నత్తే. దాని గుల్ల చదునుగా చుట్టుకుని అచ్చం బయోంఫలేరియాలాగే ఉంటుంది. బులైనస్ గుల్లేమో మొనదేలి ఉంటుంది. డీఎన్‌ఏ చూస్తే ఇండోప్లానార్బిస్ బంధువు బులైనసే.

అందుకే పరిశోధకులు మైటోకాండ్రియాను ఆశ్రయించారు. కణానికి శక్తినిచ్చే ఆ భాగానికి తనదైన చిన్న డీఎన్‌ఏ వలయం ఉంటుంది. గ్లాబ్రాటాలో దాని పొడవు 13,670 అక్షరాలు, అందులో 37 జన్యువులు. ఆ పూర్తి పాఠం 2004లో అచ్చయింది. ఈ వలయం గుడ్డు ద్వారా తరం నుంచి తరానికి వెళ్తుంది. దారిలో అక్షరాలు మారుతూ పోతాయి. రెండు నత్తల మధ్య ఎన్ని అక్షరాలు మారాయో లెక్కపెడితే బంధుత్వం ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

ఎంజైముల తేడాలను బట్టి గ్లాబ్రాటా ఆఫ్రికా నత్తలకు దగ్గరని 1997లోనే ఉడ్‌రఫ్, మల్వే సూచించారు. 2001లో రాండల్ డీజోంగ్ బృందం 16 అమెరికా జాతుల్ని, 7 ఆఫ్రికా జాతుల్ని పక్కపక్కన పెట్టింది. మైటోకాండ్రియాలోని 16ఎస్ జన్యువు ముక్కను, కేంద్రకంలోని కొన్ని భాగాలను కలిపి చదివింది. విడివిడిగా మసకగా ఉన్న వంశవృక్షం రెండూ కలిపితే స్పష్టపడింది. గోండ్వానా చెప్పిన రెండు కొమ్మలు అందులో లేవు. వేళ్ళ దగ్గరివన్నీ అమెరికా నత్తలు. ఆఫ్రికావన్నీ చివరి రెమ్మల్లో ఒకేచోట ఉన్నాయి, ఆ రెమ్మ మొదట్లో గ్లాబ్రాటా ఉంది. అంటే అమెరికా నత్త గ్లాబ్రాటాకు తోటి అమెరికా నత్తలకన్నా ఆఫ్రికా నత్తలే దగ్గరి చుట్టాలు. ఆఫ్రికా జాతుల మధ్య తేడాలు కూడా తక్కువ, కాబట్టి అవి కొత్తగా చీలినవి. ఖండాలు విడిపోయిన చాలా కాలానికి, బహుశా గత 50 లక్షల ఏళ్ళలోపే, గ్లాబ్రాటా పూర్వీకులు పడమటి నుంచి తూర్పుకు సముద్రం దాటారు.

ఎలా దాటారన్నదానికి సాక్షి లేడు. పక్షి కాళ్ళకు అంటుకునో, నది నుంచి కొట్టుకొచ్చిన మొక్కల తెప్ప మీదో అయి ఉండొచ్చు. ఒక్కటి మాత్రం ఈ ఊహకు గట్టి ఆధారం. ఈ నత్తలో ఆడామగా రెండూ ఉంటాయి, జత లేకున్నా తనంతట తానే గుడ్లు పెట్టగలదు. ఒక ఖండాన్ని నింపడానికి ఒక్క నత్త చేరినా చాలు.

ఇక్కడ కథ తిరగబడిన తీరు నన్ను నిలవనివ్వదు. నత్త అమెరికా నుంచి ఆఫ్రికాకు వెళ్ళింది. అక్కడ పురుగు దానికి అలవాటు పడింది. ఆ తర్వాత మనుషులు మనుషుల్ని అమ్ముకోబట్టి పురుగు అమెరికా చేరి, తన ఆతిథేయి పూర్వీకుల ఇంటికే వచ్చి పడింది. 2005లో మాన్సోనై మైటోకాండ్రియా డీఎన్‌ఏ చదివినప్పుడు పురుగు వచ్చిన దారి కూడా బయటపడింది. దాని వైవిధ్యం అన్నిటికన్నా ఎక్కువగా తూర్పు ఆఫ్రికాలో ఉంది. అమెరికా పురుగుల్లో వైవిధ్యం తక్కువ, వాటి పోలిక పశ్చిమ ఆఫ్రికా పురుగులతో. ఆ మనుషుల్లో చాలామంది పేర్లు ఏ చిట్టాలోనూ లేవు. వాళ్ళు ఓడలెక్కిన తీరం ఆనవాలు వాళ్ళను తిన్న పురుగులో మిగిలింది.

చుట్టరికంతో తేలనిది ఇంకొకటుంది. బ్రెజిల్‌లో మాన్సోనై మరో రెండు నత్తలకు కూడా అలవాటు పడింది: స్ట్రామినియా, టెనగోఫిలా. ఇవి గ్లాబ్రాటా రెమ్మలోవి కావు, ఒకదానికొకటి దగ్గరివీ కావు. అంటే పురుగు కొన్ని వందల ఏళ్ళలోనే రెండుసార్లు, వేర్వేరుగా, కొత్త నత్తల్ని వశం చేసుకుంది. వాటిలో స్ట్రామినియా 1974 నాటికే హాంకాంగ్ వాగుల్లో కనిపించింది. తర్వాత దక్షిణ చైనాకూ పాకింది. ఆఫ్రికాలో పనిచేసి తిరిగొచ్చిన కార్మికుల్లో మాన్సోనై ఉన్న కేసులు చైనా వైద్యుల దగ్గర ఇప్పటికే నమోదయ్యాయి.