ఘాట్‌ రోడ్డు కార్లకు మూసేశారు.. సైకిల్‌పై వెళ్లొచ్చా?

ఘాట్‌ రోడ్డు మొదట్లో బారికేడ్‌ పెట్టారు. కార్లను, బైకులను వెనక్కి పంపుతున్నారు. పక్కన సైకిల్‌ పట్టేంత సందు ఉంది. మోటారు వాహనాలకే కదా నిషేధం, మనం వెళ్లిపోవచ్చా?

రోడ్డును ఎందుకు మూశారు అన్నదాన్ని బట్టి దీనికి జవాబు మారుతుంది. రద్దీ తగ్గించడానికి మూసిన రోడ్డు సైకిల్‌కు వరం. కొండచరియలు పడుతున్నాయని మూసిన రోడ్డు కారు కంటే సైకిల్‌కే ఎక్కువ ప్రమాదం. రెండు చోట్లా కనిపించే బారికేడ్‌ మాత్రం ఒకేలా ఉంటుంది.

నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో సైకిల్‌ తొక్కేవారికి ఇది దూరపు సంగతి కాదు. మదనపల్లెకు సుమారు 30 కి.మీ. దూరంలో హార్స్‌లీ హిల్స్‌ ఉంది. కొండ ఎత్తు 1,265 మీటర్లు. మదనపల్లె పట్టణం సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే ఇంటి దగ్గర బయలుదేరి కొండపైకి చేరేసరికి 550 మీటర్లకు పైగా ఎక్కినట్టే. తెల్లవారుజామున హారన్‌ మోత లేకుండా ఆ మలుపులు ఎక్కాలని ఎవరికైనా ఉంటుంది. అందుకు చట్టం ఏం చెబుతోంది, అనుమతి ఎవరిస్తారు, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది చూద్దాం.

రోడ్డును ఏ కారణాలతో మూస్తారు?

స్థూలంగా మూడు కారణాలు ఉంటాయి.

మొదటిది రోడ్డే ప్రమాదంలో ఉండటం. 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాల తర్వాత, డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌ రోడ్డుపై పెద్ద బండరాళ్లు పడ్డాయి. రోడ్డు, రక్షణ గోడలు దెబ్బతిన్నాయి. పైకి వెళ్లే ఆ దారిని మూసి, రాకపోకలను మొదటి ఘాట్‌ రోడ్డుకు మళ్లించాల్సి వచ్చింది. ఆ వర్షాలకే శ్రీవారి మెట్టు నడకదారి కూడా దెబ్బతింది. దాన్ని 2022 మే నెలలో గానీ తిరిగి తెరవలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మెట్ల దారిలో కార్లు ఎలాగూ వెళ్లవు. అయినా మూశారు. కొండ జారుతున్నప్పుడు కింద ఉన్నది కారా, సైకిలా, కాలినడకన వెళ్లే మనిషా అన్న తేడా ఉండదు.

రెండోది మనిషికి పొంచి ఉన్న ప్రమాదం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల చిన్నారి చనిపోయింది. ఆ తర్వాత టీటీడీ 15 ఏళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడకదారుల్లోకి అనుమతించలేదు. ఘాట్‌ రోడ్లలో ద్విచక్ర వాహనాలను ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే అనుమతించింది. అంటే చీకటి పడ్డాక కార్లకు దారి ఉంది, బైకులకు లేదు. అద్దాలు, తలుపులు లేని బండిపై ఉన్నవారికి రక్షణ తక్కువన్నదే దీని వెనకున్న లెక్క. ఆ లెక్కలో సైకిల్‌ బైకు కంటే బలహీనం.

మూడోది రద్దీ. రోడ్డు బాగానే ఉంటుంది, వాహనాలే ఎక్కువవుతాయి. బెంగళూరు సమీపంలోని నంది హిల్స్‌ ఒకే ఏడాదిలో రెండు కారణాలనూ చూసింది. 2021 జులైలో కోవిడ్‌ భయం ఉండగానే జనం పోటెత్తడంతో వారాంతాల్లో పర్యాటకులను ఆపేశారు. ఆగస్టులో కొండచరియలు విరిగిపడి రోడ్డే తెగిపోయింది. కొండ అదే, రోడ్డు అదే. కానీ ఒకటి జనాన్ని తగ్గించడానికి మూసినది, రెండోది దారే లేక మూసినది.

ఈ మూడింటిలో సైకిల్‌కు మినహాయింపు అడగదగ్గది మూడో రకంలోనే. మొదటి రెండింటిలో అడగకపోవడమే మంచిది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్‌ 115 ప్రకారం ప్రజల భద్రత, సౌకర్యం కోసం, లేదా రోడ్డు, వంతెన స్వభావాన్ని బట్టి రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ ఫలానా రోడ్డుపై మోటారు వాహనాలను నిషేధించవచ్చు. అన్ని వాహనాలనూ ఆపవచ్చు, ఒక రకం వాహనాలనే ఆపవచ్చు, మినహాయింపులూ ఇవ్వవచ్చు. నిషేధం నెల దాటితే గెజిట్‌లో ప్రకటించాలి. నెలలోపే అయితే గెజిట్‌ అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. రోడ్డుపై హెచ్చరిక బోర్డులు మాత్రం పెట్టాల్సిందే.

కాళ్లతో తొక్కే సైకిల్‌ ఈ చట్టం దృష్టిలో మోటారు వాహనం కాదు. కాబట్టి కేవలం సెక్షన్‌ 115 కింద ఇచ్చిన ఉత్తర్వు సైకిల్‌కు వర్తించదు. అయితే రోడ్డు మూయడానికి ఉన్న దారి ఇదొక్కటే కాదు.

విపత్తు నిర్వహణ చట్టం 2005లోని సెక్షన్‌ 34 ప్రకారం జిల్లా యంత్రాంగం ముప్పున్న ప్రాంతంలో వాహనాలనే కాదు, మనుషుల రాకపోకలనూ నియంత్రించవచ్చు. అత్యవసర పరిస్థితుల్లో భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్‌ 163 కింద కూడా ఆదేశాలు ఇవ్వవచ్చు. పాత 144 సెక్షన్‌ స్థానంలో వచ్చింది ఇదే. ఇలాంటి ఉత్తర్వుల్లో ‘ఎవరూ ప్రవేశించరాదు’ అని ఉంటే అందులో సైకిల్‌ తొక్కేవారూ ఉన్నట్టే.

అడవి గుండా వెళ్లే రోడ్డయితే ఇంకో విషయం చూసుకోవాలి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఉంది. ఏనుగులు తిరిగే ప్రాంతం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారిపై ప్రయాణించేవారికి అనుమతి పత్రం అక్కర్లేదు. అదే రోడ్డు దిగి అడవి బాటలోకి సైకిల్‌ తిప్పారంటే అనుమతి తప్పనిసరి. ఏనుగులు రోడ్డు దాటుతున్నాయని అటవీ సిబ్బంది ఆపితే, సైకిల్‌ కూడా ఆగాల్సిందే.

బ్యాటరీ సైకిళ్ల సంగతేంటి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉండి, బరువు తదితర షరతులకూ లోబడి ఉంటే ఆ బండిని మోటారు వాహనంగా లెక్కించరు. రిజిస్ట్రేషన్‌ అక్కర్లేదు. అంతకు మించితే అది స్కూటరే. చూడటానికి సైకిల్‌లా ఉన్నా కార్లతో పాటు బారికేడ్‌ దగ్గరే ఆగాలి. కొనేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఈ వివరాలు చూసి పెట్టుకోండి.

ఇతర చోట్ల ఎలా చేస్తున్నారు?

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో గ్లేసియర్‌ నేషనల్‌ పార్కు ఉంది. అందులోని గోయింగ్‌ టు ద సన్‌ రోడ్డు సుమారు 80 కి.మీ. ఉంటుంది. 2,025 మీటర్ల ఎత్తున్న లోగన్‌ పాస్‌ గుండా వెళ్తుంది. శీతాకాలంలో మంచుతో మూసుకుపోతుంది. వసంతంలో యంత్రాలతో మంచు తొలగిస్తున్నప్పుడు కార్లను రానివ్వరు, సైకిళ్లను, నడిచేవారిని మాత్రం కొంత దూరం వరకు అనుమతిస్తారు. అయితే రెండు గీతలు గీస్తారు. ఒకటి, పనులు జరిగే వేళల్లో దాటకూడని గీత. సిబ్బంది పనిలో లేనప్పుడు దాన్ని దాటి వెళ్లొచ్చు. రెండోది, మంచు చరియలు పడే ముప్పున్న చోటు. అక్కడ ఎప్పుడూ ప్రవేశం ఉండదు. వేసవి రద్దీలో పరిస్థితి తిరగబడుతుంది. కార్లు నడుస్తుంటాయి, రోడ్డులోని కొన్ని భాగాల్లో ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు సైకిళ్లను ఆపేస్తారు.

ఇటలీలో 2,700 మీటర్లు దాటిన స్టెల్వియో కనుమ రోడ్డును ఏటా ఒక రోజు మోటారు వాహనాలకు మూసి సైకిళ్లకు వదులుతారు. తేదీ ముందే ప్రకటిస్తారు కాబట్టి కార్లలో వచ్చేవారు ప్రయాణం మార్చుకుంటారు.

మన దగ్గర విశాఖ బీచ్‌ రోడ్డులో ఉదయం నడక కోసం కొన్ని గంటలు వాహనాలను ఆపే పద్ధతి ఉంది. కొండ కాకపోయినా సూత్రం అదే. రోజంతా కాదు, ఫలానా వేళకే. ఆ వేళ అందరికీ ముందే తెలియాలి.

హార్స్‌లీ హిల్స్‌లో ఇలాంటి వేళ అడగాలంటే?

ముందుగా ఆ కొండపై ఎవరి బతుకు ఉందో గుర్తుంచుకోవాలి. పైన నివాసం ఉండేవారు, అతిథి గృహాల్లో పనిచేసేవారు, చిరు వ్యాపారులు ఉన్నారు. ఆర్టీసీ బస్సు నడుస్తుంది. వారి దారి మూసి మన సరదా తీర్చుకోవడం న్యాయం కాదు. కాబట్టి బస్సుకు, స్థానికులకు, అంబులెన్సుకు, అటవీ, పోలీసు వాహనాలకు మినహాయింపు ఇస్తూ పర్యాటకుల కార్లను కొద్ది గంటలు ఆపమని అడగడమే సబబు.

ఎన్ని గంటలు కావాలో లెక్క వేసుకోండి. కొండ కింది నుంచి పైకి సుమారు 9 కి.మీ. ఎక్కుడు అనుకుందాం. అలవాటు లేనివారు గంటకు 7, 8 కి.మీ. మించి ఎక్కలేరు. అంటే గంటా పావు పడుతుంది. పైన అరగంట విశ్రాంతి, దిగడానికి మరో అరగంట. మొత్తం రెండుంబావు గంటలు. ఉదయం 5.30 నుంచి 8.30 వరకు అడిగితే, 6.15 తర్వాత వచ్చినవారిని ఎక్కనివ్వకూడదు. లేదంటే వారు దిగే సమయానికి కార్లు ఎదురొస్తాయి. వినతిపత్రంలో ఈ ఆఖరి ప్రవేశ సమయం కూడా రాస్తే అధికారులకు మీరు ఆలోచించి అడుగుతున్నారని తెలుస్తుంది.

వినతిపత్రాన్ని కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వవచ్చు. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్‌ 215 ప్రకారం జిల్లా రహదారి భద్రత కమిటీ ఉంటుంది. వినతిని ఆ కమిటీ ముందు పెట్టమని కోరండి. ప్రతులను పోలీసు, అటవీ, ఆర్‌అండ్‌బీ, పర్యాటక శాఖలకు పంపండి. నెలకు ఒక్క ఆదివారం ప్రయోగాత్మకంగా చేయమని అడిగితే ఒప్పుకొనే అవకాశం ఎక్కువ.

ఇప్పటికే ఉన్న నిషేధం సైకిల్‌కు వర్తిస్తుందో లేదో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద ఉత్తర్వు ప్రతి అడగండి. ఏపీలో దరఖాస్తుకు మండల స్థాయిలో రూ.5, జిల్లా స్థాయిలో రూ.10 ఫీజు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

మూసిన రోడ్డు అంటే ఖాళీ రోడ్డు కాదు

కార్లు లేని ఘాట్‌లో జరిగే పొరపాటు సాధారణంగా దిగేటప్పుడే జరుగుతుంది. ఎదురుగా ఏమీ రాదన్న ధీమాతో మలుపును కుడివైపు నుంచి కోసేస్తారు. బస్సో, అంబులెన్సో, పైకి ఎక్కుతున్న ఇంకో సైకిలో ఎదురైతే తప్పించుకునే చోటు ఉండదు. గంటకు 40 కి.మీ. వేగంతో దిగుతున్న సైకిల్‌ సెకనుకు 11 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని చూసి బ్రేకు పట్టేలోపే అంత దూరం అయిపోతుంది. ఆగడానికి పొడి రోడ్డు మీదైనా మరో 15 మీటర్లు కావాలి. మలుపు అవతల అంత దూరం కనిపించకపోతే మీ వేగం ఎక్కువైనట్టే.

బయలుదేరే ముందు, దారిలో ఇవి పాటించండి:

- రెండు బ్రేకులూ పరీక్షించండి. అద్దె సైకిలైతే దుకాణం దగ్గరే తొక్కి చూడండి.
- దిగేటప్పుడు బ్రేకును ఆపకుండా నొక్కి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది. వదులుతూ, పడుతూ దిగండి. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించండి.
- ఎప్పుడూ ఎడమవైపే ఉండండి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ దిగొద్దు.
- హెల్మెట్‌, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. చలికాలం ఉదయాల్లో పొగమంచు ఉంటుంది.
- వాన కురిసిన మర్నాడు ఎండ వచ్చినా ఘాట్‌కు వెళ్లొద్దు. నీరు ఇంకిన మట్టి నుంచి రాళ్లు ఆ తర్వాత కూడా జారతాయి. మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.
- ఫోన్‌ సిగ్నల్‌ అన్ని మలుపుల్లో ఉంటుందనుకోవద్దు. ఇంట్లో తిరిగి వచ్చే సమయం చెప్పి వెళ్లండి. అవసరమైతే 108, 112 నంబర్లకు ఫోన్‌ చేయండి.
- కోతులకు తిండి వేయొద్దు. సంచిలో తిండి కనిపించేలా పెట్టుకోవద్దు.

బారికేడ్‌ దగ్గర అడగాల్సిన మూడు ప్రశ్నలు

రోడ్డు ఎందుకు మూశారు? ఉత్తర్వులో ఉన్నది ‘మోటారు వాహనాలు’ అనా, ‘ఎవరూ’ అనా? లోపల ఇప్పుడు ఏ వాహనాలు తిరుగుతున్నాయి?

అక్కడున్న సిబ్బందిని ఈ మూడూ అడగండి. రద్దీ వల్లే మూశామని, సైకిళ్లు వెళ్లొచ్చని వారు చెబితే నిశ్చింతగా ఎక్కండి. రాళ్లు పడుతున్నాయన్నా, జంతువులు ఉన్నాయన్నా, రోడ్డు పని జరుగుతోందన్నా వాదించకుండా వెనక్కి తిరగండి. సిబ్బంది ఎవరూ లేకుండా బారికేడ్‌ ఒక్కటే ఉంటే, అడగడానికి మనిషి లేడు కాబట్టి దాన్ని కూడా ‘రావొద్దు’ అనే అర్థం చేసుకోండి.