హాలివిక్ ఈత

హాలివిక్ అంటే లండన్‌లోని సౌత్‌గేట్‌లో వికలాంగ బాలికల కోసం నడిచిన బడి. 1949లో జేమ్స్ మెక్‌మిలన్ అక్కడి పిల్లలకు ఈత నేర్పడం మొదలుపెట్టారు. ఆయన డాక్టరు కాదు, ద్రవాల కదలికను చదువుకున్న ఇంజనీరు. ఆ బడి పేరుతోనే పిలిచే ఆయన ఈత పద్ధతి ప్రత్యేకతకు మూలం ఇందులోనే ఉంది. కాళ్లకు క్యాలిపర్లతో, చక్రాల కుర్చీలో రోజు గడిపే పిల్లను ఆయన రోగిగా చూడలేదు, ఈతగత్తెగా చూశారు.

తెలుగు పల్లెల్లో నడుముకు బెండు కట్టి పిల్లల్ని బావిలో దింపేవారు. మెక్‌మిలన్ మాత్రం తేలడానికి ఏ సాధనమూ కట్టనివ్వలేదు. అందుకు కారణం ఉంది. నీళ్లలో బరువు కిందికి లాగుతుంది, నీరు పైకి తోస్తుంది. ఈ రెండు బలాలూ ఒకే నిలువు గీత మీద లేకపోతే శరీరం తిరిగిపోతుంది. ఒక కాలు సన్నబడినా, ఒక పక్క బిగుసుకున్నా ఆ తిరుగుడు ఇంకా ఎక్కువ. గాలి నింపిన ట్యూబు దాన్ని కప్పిపెడుతుందే తప్ప అదుపు చేయడం నేర్పదు. ట్యూబు తీసేసిన రోజున మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

అందుకే ఆయన పది మెట్ల పాఠంలో చేతులతో ఈదడం చివరికి వస్తుంది. ముందు భయం పోవాలి. పాటలతో, గుండ్రంగా నిలబడి ఆడే ఆటలతో పిల్లలు నీటి మీదికి ఊపిరి ఊదడం అలవాటు చేసుకుంటారు. ఒక్కొక్కరికి ఒక సహాయకుడు ఉంటాడు. పిల్లకు పట్టు చిక్కే కొద్దీ అతను చేతి ఊతం తగ్గిస్తూ పోతాడు. తర్వాత వెల్లకిలా పడుకోవడం, లేచి నిలబడడం, బోర్లా పడితే వెల్లకిలా తిరిగి ఊపిరి తీసుకోవడం వస్తాయి. ప్రాణం కాపాడే విద్య ఈ చివరిదే. అడుగున ఉన్న వస్తువు కోసం మునిగిన పిల్లకు, నీరే తనను పైకి తోస్తుందని ఒళ్లే చెబుతుంది.

వీటన్నిటిలో అందమైన మెట్టు ఇంకొకటి ఉంది. పిల్ల కదలకుండా వెల్లకిలా తేలుతుంది. సహాయకుడు వెనక్కి నడుస్తూ ఆమె భుజాల కింద నీటిని చేతులతో కలుపుతాడు. ఎవరూ ముట్టుకోకుండానే, ఆ సుడుల వెంట ఆమె జారుతూ పోతుంది. నేలమీద ఎవరో ఒకరు తోస్తే తప్ప కదలని పిల్లకు అది ఎంత సంబరమో! ఆ తర్వాతే చేతుల చిన్న కదలికలు, ఆ పైన అసలు ఈత.

1952లో ఈ పద్ధతి కోసం బ్రిటన్‌లో ఒక సంఘం ఏర్పడింది. 1970లలో మెక్‌మిలన్ స్విట్జర్లాండ్‌లోని బాడ్ రగాజ్‌లో పనిచేస్తూ, ఇదే అవగాహనను ఫిజియోథెరపీ చికిత్సగా మలిచారు. 1994లో అంతర్జాతీయ హాలివిక్ సంఘం ఏర్పడింది. పోలియో, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారితో పాటు ఆటిజం ఉన్న పిల్లలకూ ఇప్పుడు ఈ పద్ధతిలో ఈత నేర్పుతున్నారు.