ఓ డజను మంది కోసం మిగిలిన ట్యాబ్

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే ప్రోగ్రామ్ రాశాడు. సహోద్యోగి ఒకాయన, సరిగ్గానే ఉన్న ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ ఓ ఉదయమంతా పోగొట్టుకోవడం దానికి కారణం. తప్పు దిద్దడం అయింది గానీ, దిద్దిన ఫైల్‌ని మళ్ళీ కంపైల్ చెయ్యలేదు. ఏ ఫైల్ మారిందో, దాని మీద ఏవేవి ఆధారపడ్డాయో చూసుకుని వాటిని మాత్రమే కంపైల్ చేయించడం మేక్ పని.

మేక్‌లో కమాండ్ ఉన్న ప్రతి లైనూ ట్యాబ్‌తో మొదలవ్వాలి. స్పేస్‌లు పెడితే పనిచేయదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి! ఇది ఇబ్బందని తెలిసేసరికే ఓ డజను మంది దాన్ని వాడుతున్నారు, చాలామంది స్నేహితులు. వాళ్ళ ఫైళ్ళు పాడుచేయడం ఇష్టంలేక ఫెల్డ్‌మన్ అలాగే వదిలేశాడు. 2000లో జావా వాళ్ళ చేతికి 'యాంట్' ఇచ్చిన జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ కూడా ఈ ట్యాబ్‌తో విసిగిపోయినవాడే.

బిల్డ్ టూల్స్ చరిత్ర అంతా ఇలాంటి కారణాల చరిత్రే అనిపిస్తుంది నాకు. వెబ్‌ప్యాక్ 2012 నాటిది. అప్పటి బ్రౌజర్లకి మాడ్యూల్ అంటే ఏమిటో తెలీదు. అందుకని ఫైళ్ళన్నీ కలిపి మూట కట్టి పంపాల్సొచ్చేది. 2015లో మాడ్యూళ్ళు జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి వచ్చాయి, తర్వాత కొన్నేళ్ళకి బ్రౌజర్లూ నేర్చుకున్నాయి. 2020లో ఎవాన్ యూ తెచ్చిన 'వీట్', డెవలప్‌మెంట్ సమయంలో మన కోడ్‌ని మూట కట్టడం మానేసింది. బ్రౌజర్ ఏ ఫైల్ అడిగితే అది ఇస్తుంది. జనానికి పంపే బిల్డ్‌లో మాత్రం మూట ఇంకా ఉంది. వందల చిన్న ఫైళ్ళని ఒకదాని వెనక ఒకటి నెట్‌వర్క్ మీద తెప్పించుకోవడం ఆలస్యం కదా. ఒకే అలవాటుకి రెండు కారణాలు. ఒకటి పోయింది, ఒకటి మిగిలింది.

ఈమధ్య మా టీమ్ ఒక వెబ్ అప్లికేషన్‌ని వెబ్‌ప్యాక్ నుంచి వీట్‌కి మార్చాం. పాత కాన్ఫిగ్‌లో ఒక లైన్ ఉంది: తేదీల లైబ్రరీని ఎవరడిగినా, మా ఫోల్డర్లో ఉన్న పాత కాపీని ఇమ్మని. రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. కమిట్ సందేశంలో 'ఫిక్స్' అన్న ఒక్క మాట. తీసేద్దామని సగం మంది, ఉంచుదామని సగం మంది. ఎవరి దగ్గరా ఆధారం లేదు.

ఆ కాపీని అసలు వెర్షన్‌తో పోల్చి చూడ్డానికి రెండు రోజులు పట్టింది. తేడా ఒక్కచోటే ఉంది: మన ఐదున్నర గంటల టైమ్ జోన్‌లో ఆ అరగంటని లెక్కపెట్టే చోట. లైన్ తీసేసుంటే, ఒకటో తారీఖు అర్ధరాత్రి పన్నెండూ పదికి వేసిన బిల్లు వెనకటి నెల ఖాతాలో పడేది.

ట్యాబ్ నియమం చెడ్డదే. అయినా ఫెల్డ్‌మన్ చెప్పాడు కాబట్టి అదెందుకు ఉందో యాభై ఏళ్ళ తర్వాత కూడా తెలుస్తోంది. మా లైన్ మంచిదే, కారణం మాత్రం ఎవరూ చెప్పిపోలేదు. టూల్ మార్చేటప్పుడు కోడ్ సులువుగానే దాటుతుంది. కారణాన్ని ఎవరో ఒకరు రాస్తేనే అవతలికి వస్తుంది. కొత్త కాన్ఫిగ్‌లో ఆ లైన్ పైన మూడు వాక్యాల కామెంట్ పెట్టాను.