తార్నాక నుంచి స్టేడియం దాకా: 2021లో ఎనిమిది రోజులు

మెట్రోలో తార్నాక దాటాక వరసగా హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం, ఉప్పల్ వస్తాయి. కాప్రా, నాచారం వైపు ఉండే నాబోటి వాళ్ళం హబ్సిగూడలో ఎక్కుతాం. కరోనా రోజుల్లో హైదరాబాదంతా కొట్టుకున్న వాదన మొత్తం ఈ నాలుగు స్టేషన్ల మధ్యే ఉందంటే అతిశయోక్తి కాదు. తార్నాకలో ఎన్‌ఐఎన్, ఐఐసీటీ. హబ్సిగూడలో సీసీఎంబీ. ఆ చివర్న ఉప్పల్ క్రికెట్ స్టేడియం. ఒక కొసన ఊళ్ళో ఎంతమందికి అంటిందో లెక్కపెట్టేవాళ్ళు, ఇంకో కొసన ఎప్పుడు తెరుస్తారా అని చూసే గేట్లు.

ఇప్పుడెందుకు ఈ గోల అంటారా? నాలుగైదేళ్ళకే జనం కథని రెండు ముక్కలకి కుదించేశారు. "అంతా భయపెట్టారు, ఏమీ కాలేదు" అనేవాళ్ళు ఒకరు, "జనానికి బుద్ధి లేదు, తెరవగానే ఎగబడ్డారు" అనేవాళ్ళు ఇంకొకరు. తారీఖులు వరసగా పెట్టి చూస్తే రెండూ నిలబడవు.

మొదట లెక్కల సంగతి. రాష్ట్రంలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఆ బాధితుడు మన జాతివాడే, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రెండ్రోజులకి అనుమానంతో మైండ్‌స్పేస్‌లో ఒక భవనం ఖాళీ చేయించారు. మార్చి నడుమకల్లా సినిమా హాళ్ళు, పబ్బులు, బడులు మూతపడ్డాయి. అక్కణ్ణుంచి రోజూ సాయంత్రం బులెటిన్ కోసం ఎదురుచూడ్డమే పని. టెస్టులే తక్కువ చేస్తే కేసులు ఎక్కడ కనబడతాయి? హైకోర్టు ఈ ముక్క మీదే ప్రభుత్వాన్ని మళ్ళీ మళ్ళీ నిలదీసింది.

అప్పుడు సీసీఎంబీ, ఐఐసీటీ వాళ్ళు ఇంకో దారి పట్టారు. మురుగునీళ్ళు. వైరస్ సోకినవాళ్ళ మలంలో దాని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు 35 రోజుల దాకా పోతూ ఉంటాయి, లక్షణాలు ఉన్నా లేకపోయినా. నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, ఎంత ఆర్‌ఎన్‌ఏ ఉందో కొలిచి, వెనక్కి లెక్క కట్టారు. 2020 ఆగస్టు 19న ఫలితం చెప్పారు: నగరంలో సుమారు 6.6 లక్షల మందికి, అంటే జనాభాలో 6 శాతానికి సోకి ఉండొచ్చని. అప్పటికి రాష్ట్రమంతా కలిపి ప్రభుత్వ లెక్క ఇంకా లక్ష దాటలేదు.

తమాషా ఏంటంటే ఇదే అంకెని రెండు పక్షాలూ ఎత్తుకున్నాయి. "చూశారా, దాస్తున్నారు" అని వీళ్ళు. "చూశారా, ఇంతమందికి వచ్చి పోయింది, ఆస్పత్రులు ఖాళీగానే ఉన్నాయి, ఇంక తెరిచెయ్యండి" అని వాళ్ళు.

తెరవడం మాత్రం అంకెల్ని చూసి జరగలేదు. హాళ్ళు సగం సీట్లతో తెరుచుకోవచ్చని కేంద్రం అక్టోబరు 15 నుంచే ఒప్పుకుంది. మన రాష్ట్రం జీవో ఇచ్చింది నవంబరు 23న. అదే రోజు గ్రేటర్ ఎన్నికల మేనిఫెస్టో, అందులో సినిమావాళ్ళకి వరాలు. డిసెంబరు 1న పోలింగు. రోడ్‌షోలకి లేని సగం సీట్ల నియమం సినిమా హాలుకి ఎందుకో నన్నడక్కండి. డిసెంబరు 4న మల్టీప్లెక్సుల్లో 'టెనెట్' పడింది. దాదాపు తొమ్మిది నెలలు జీతాల్లేకుండా ఉన్న హాలు సిబ్బందిని తలుచుకుంటే తెరవొద్దు అనే నోరు నాకూ లేదు. కొన్ని సింగిల్ స్క్రీన్లు మళ్ళీ తెరుచుకోనేలేదు. ఫిబ్రవరి మొదటివారానికి మొత్తం సీట్లకి అనుమతి వచ్చేసింది.

ఇక అసలు విషయం, ఆ ఎనిమిది రోజులు. 2021 ఫిబ్రవరి 28న అప్పటి మన ఐటీ మంత్రి కేటీఆర్ బీసీసీఐకి బహిరంగంగా విన్నవించారు: ఐపీఎల్ వేదికల్లో హైదరాబాదుని చేర్చండి, మెట్రో నగరాలన్నిట్లో మా దగ్గర కేసులు తక్కువ అని. మార్చి 1న ప్రధాని కోవాక్సిన్ వేయించుకున్నారు. మార్చి 3న భారత్ బయోటెక్ మూడో దశ మధ్యంతర ఫలితం ప్రకటించింది, 81 శాతం. మార్చి 4న సీసీఎంబీ, ఎన్‌ఐఎన్, భారత్ బయోటెక్ కలిసి చేసిన సర్వే వచ్చింది. 30 వార్డుల్లో 9 వేల మంది దాకా రక్తం పరీక్షిస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. వాళ్ళలో ముప్పావు మందికి తమకి కరోనా వచ్చిపోయిందనే తెలీదు. నగరం మెల్లగా హెర్డ్ ఇమ్యూనిటీ వైపు నడుస్తోందని సీసీఎంబీ డైరెక్టర్ రాకేశ్ మిశ్రా అన్నారు. మార్చి 7న ఐపీఎల్ షెడ్యూలు వచ్చింది. ఆరు నగరాలున్నాయి, హైదరాబాదు లేదు. మనవాళ్ళందరికీ ఒళ్ళు మండింది.

54 అన్న అంకెలో తప్పు లేదు. దాన్ని చదివిన తీరులోనే ఉంది తేడా. సగటు 54 గానీ, కొన్ని వార్డుల్లో 70 దాకా, కొన్నిట్లో 30 దాకా ఉంది. ఊరి జనాభా కోటి అనుకుంటే ఏ యాంటీబాడీలూ లేనివాళ్ళు 46 లక్షల మంది. పైగా యాంటీబాడీ పరీక్ష అంటే జరిగిపోయినదానికి లాగ్ ఫైలు, అంతే. పాత బిల్డ్ మీద టెస్టులన్నీ పాసయ్యాయని కొత్త బిల్డ్‌ని ప్రొడక్షన్‌లోకి తోసేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. డెల్టా కొత్త బిల్డు.

మార్చి 24 నుంచి బడులు మళ్ళీ మూసేశారు. అదే రోజు థియేటర్లు మూస్తారన్న వార్త పుడితే, అలాంటిదేం లేదని మంత్రి తలసాని తోసిపుచ్చారు. అంటే దాదాపు నాలుగు వారాలు ఈ ఊళ్ళో పదేళ్ళ పిల్లాడు బడికి పోకూడదు, సినిమాకి పోవచ్చు. నాకు ఈ మొత్తం కథలో మింగుడుపడని ముక్క ఇదే. హాళ్ళకి సంఘం ఉంది, నిర్మాతలకి మండలి ఉంది, మంత్రి దగ్గరికి వెళ్ళి కూర్చోగలరు. ఐదో తరగతి పిల్లాడి తరఫున ఎవరు వెళ్తారు? మన ఆఫీసులైతే తెరుచుకోనే లేదు, మనం ఇంట్లోంచే స్టాండప్ కాల్స్ చేసుకుంటున్నాం.

పబ్బులు, థియేటర్ల సంగతేంటని హైకోర్టు గట్టిగా అడిగాక ఏప్రిల్ 20న రాత్రి కర్ఫ్యూ పెట్టారు. మర్నాటి నుంచి హాళ్ళవాళ్ళే స్వచ్ఛందంగా మూసుకున్నారు, 'వకీల్ సాబ్' ఆడుతున్నవి తప్ప! (వైరస్‌కి పవన్ కళ్యాణ్ అంటే భయం కాబోలు.) మే 4న ఐపీఎల్ ఆగిపోయింది. ఆ రోజు పాజిటివ్ వచ్చినవాళ్ళలో ఒకరు సాహా, మన సన్‌రైజర్స్ కీపరే. మే 12 నుంచి లాక్‌డౌన్.

టీకా గొడవ కూడా ఇలాగే నడిచింది. కోవాక్సిన్ తయారైంది మా కాప్రాకి ఉత్తరాన, శామీర్‌పేట దాటాక ఉన్న జినోమ్ వ్యాలీలో. మూడో దశ ఫలితాలు రాకుండానే 2021 జనవరి 3న అనుమతి వచ్చింది. వేయించుకునేవాళ్ళు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. ఫలితాలేవీ అని అడిగినవాళ్ళని దేశద్రోహులన్నారు. అడగడం న్యాయమే, చివరికి టీకా నిలబడిందన్నదీ నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఒప్పుకోవడానికి ఎందుకో ఎవరికీ మనసొప్పలేదు.

ఇది కొత్త రోగమేం కాదు. 1902లో పంజాబులోని ముల్కోవాల్ అనే ఊళ్ళో 107 మందికి హాఫ్‌కిన్ ప్లేగు టీకా వేస్తే, ఒకే సీసాలోంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. టీకాదే తప్పని హాఫ్‌కిన్‌ని పక్కన పెట్టేశారు. అసలు సంగతి, సీసా తెరిచిన పనిముట్టు కిందపడి మట్టి అంటడం. 1907లో ఆయన కోసం లండన్ టైమ్స్‌లో వాదించినవాళ్ళలో రోనాల్డ్ రాస్ ఉన్నాడు. 1897లో మన సికింద్రాబాదులో దోమని కోసి మలేరియా గుట్టు విప్పిన రాసే. హాఫ్‌కిన్ నిర్దోషి అని తేలడానికి ఐదేళ్ళు పట్టింది.

కోవాక్సిన్ తుది లెక్క 77.8 శాతం. డబ్ల్యూహెచ్ఓ ముద్ర 2021 నవంబరు 3కి గానీ పడలేదు. అప్పటిదాకా ఆన్‌సైట్ వెళ్ళాల్సినవాళ్ళు, ఎంఎస్‌కి వెళ్ళే పిల్లలు కోవిషీల్డ్ కోసం వెతుక్కున్నారు. టీకాని రక్షణ చూసి కాదు, వీసా చూసి ఎంచుకున్న తరం మనది. 2024లో కోవిషీల్డ్‌తో అరుదుగా రక్తం గడ్డకట్టొచ్చని ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందని వార్త రాగానే, అదే జనం "నాది కోవాక్సినే" అని ఊపిరి పీల్చుకున్నారు. ఆ అరుదైన దుష్ఫలితం గురించి 2021లోనే చెప్పారు, అప్పుడు వినే ఓపిక ఎవరికుంది?

ఒమిక్రాన్ వచ్చినప్పుడు, 2022 జనవరి 8 నుంచి 30 దాకా మళ్ళీ బడులకే సెలవులు. హాళ్ళు మాత్రం నడిచాయి, సంక్రాంతికి 'బంగార్రాజు' ఆడింది.

ఉప్పల్ స్టేడియంలో 2019 డిసెంబరు 6న వెస్టిండీస్‌తో టీ20 జరిగాక, మళ్ళీ అంతర్జాతీయ మ్యాచ్ 2022 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాతో. సూర్యకుమార్ 69, కోహ్లీ 63 కొట్టారు, మనం గెలిచాం. దానికి మూడు రోజుల ముందు సికింద్రాబాద్ జింఖానా మైదానంలో టికెట్లు అమ్మారు. క్యూలో తొక్కిసలాట జరిగి చాలామంది గాయపడ్డారు. ఆ క్యూలో ఎవరి మూతికీ మాస్కు ఉందా లేదా అని అడిగిన విలేఖరి ఒక్కడూ నాకు కనబడలేదు.