అక్కడ ఎకరం ఎందుకంత చవగ్గా దొరికింది?

ఈమధ్య మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకటే గోల. పొలం కొనాలిట. హైదరాబాదు చుట్టుపక్కల ఎకరం మాటెత్తితే కళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి సరిహద్దు దాటి బీదరు, యాదగిరి, రాయచూరు వైపు చూస్తున్నారు. ఒకతను ఏకంగా ఎక్సెల్ షీటు తయారుచేసాడు. ఎకరం ధర, హైవే ఎంత దూరం, వానెంత, ఫోను సిగ్నలు ఉందా లేదా, అన్నిటికీ మార్కులు. కర్ణాటకలో 1974 నుంచి వ్యవసాయం చెయ్యనివాళ్ళు పొలం కొనడానికి బోలెడు అడ్డంకులుండేవి. 2020లో చట్టం మార్చి వాటిని ఎత్తేసారు. అప్పట్నించీ సాఫ్ట్‌వేరు రైతులకి ఊపొచ్చింది :)

ఆ షీటు చూసాక నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయన కూడా ఇదే పని చేసారు, ఎక్సెల్ లేకుండా. 1960ల మొదట్లో తణుకు దగ్గర ఉన్న కాస్త మాగాణీ అమ్మేసి, గంగావతి తాలూకాలో నల్లరేగడి కొన్నారు. "ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ ఐదారొచ్చేవిరా" అని మా మామ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చిన్నప్పుడు ఆ మాట వింటే తాతయ్య గొప్ప తెలివైనవాడనిపించేది. అంత చవగ్గా ఎందుకిచ్చారు అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఈ ప్రశ్న నాకు నలభయ్యేళ్ళొచ్చాక తగిలింది, అదీ వేరేవాళ్ళు తగిలిస్తే. ఆ సంగతికి వస్తాను.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, బెజవాడది 1855లో. కాలవల కింద వరి పండించడం డెల్టా రైతుకి అక్కణ్ణించి మొదలు. వందేళ్ళు గడిచేసరికి రెండు సంగతులు జరిగాయి. వరి, నీళ్ళు, మడులు అన్నీ వాళ్ళకి చేతి మీద గీతలంత తెలిసిపోయాయి. పొలాలేమో అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైపోయాయి. పదెకరాల ఆసామి మనవడికి ఎకరంన్నర. పక్కది కొందామంటే ధర అందదు. తెలిసిన పని ఉంది, చెయ్యడానికి నేల లేదు. అంచేత ఎక్కడ కొత్తగా కాలవ తవ్వితే అక్కడికి బయల్దేరడం మొదలైంది. 1931లో నిజాంసాగర్ పూర్తయితే బోధను, వర్ని వైపు వెళ్ళి క్యాంపులు వేసారు. అప్పటికి అది నిజాం రాజ్యం, వీళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ మనుషులు. 1957లో హీరాకుడ్ ప్రారంభమయ్యాక ఒరిస్సాలో బర్‌గఢ్, అత్తాబిరా దాకా పోయినవాళ్ళున్నారు. వీటన్నిటిలో పెద్ద వలసల్లో ఒకటి తుంగభద్రకి.

తుంగభద్ర మీద ప్రాజెక్టు కట్టాలని 1860లోనే కాటన్ దొర ప్రతిపాదించాడు. 1876-78 ధాత కరువులో బళ్ళారి జిల్లా పిట్టల్లా రాలిపోయింది. అయినా శంకుస్థాపనకి 1945 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. కుడి ఒడ్డు మద్రాసుది, ఎడమ ఒడ్డు నిజాంది. అంచేత శంకుస్థాపన కూడా రెండు ఒడ్డులా విడివిడిగా చేసారు! 1953లో కాలవలకి నీళ్ళొదిలారు. ఆ ఏడే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి బళ్ళారి మైసూరుకి పోయింది. 1956లో రాయచూరూ పోయింది. అంటే ముందు వెళ్ళిన తెలుగువాళ్ళు హైదరాబాదు రాష్ట్రంలో పొలం కొనుక్కుని, కదలకుండా కూర్చునే మైసూరు వాళ్ళయిపోయారు. మా తాతయ్య వెళ్ళేసరికి మటుకు ఖచ్చితంగా వేరే రాష్ట్రమే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఎడమ కాలవని వరి కోసం తవ్వలేదు. కరువు ప్రాంతం కాబట్టి, ఉన్న నీళ్ళని పల్చగా, వీలైనంత ఎక్కువ నేలకి అందించాలని ఆలోచన. జొన్న, పత్తి, వేరుశెనగ లాంటి ఆరుతడి పంటలకి ఒకటో రెండో తడులు దొరికితే కరువు తప్పుతుంది. ఏ సర్వే నంబరుకి నీళ్ళు, దానిలో ఏ పంట అన్నది కాగితం మీద ముందే రాసిపెట్టారు. దీన్ని లోకలైజేషన్ అంటారు. వరి, చెరుకు రాసినది కొంతే. మిగతాదంతా ఆరుతడి.

అక్కడి రైతులకి పొలాలు పెద్దవి, డబ్బు తక్కువ. వానని నమ్ముకుని జొన్న వేసేవాళ్ళు. రేగడికి నీళ్ళు పెడితే ఏమవుతుందో తెలీదు, చదును చెయ్యడానికి పెట్టుబడి లేదు, నీటి తీరువా ఎంత పడుతుందో అని భయం. అలాంటప్పుడు ఎవరో కోస్తా నుంచి వచ్చి రొక్కం చూపిస్తే ఒక చెక్క అమ్మేయడం తప్పేం కాదు. వాళ్ళు అమ్మింది మెట్ట, మెట్ట ధరకే అమ్మారు. కాగితాల్లో నీళ్ళు రాయని సర్వే నంబర్లయితే మరీ చవక.

కొన్నవాళ్ళు చూసింది వేరే. తాతయ్యవాళ్ళు నలుగురు కలిసి గుంతకల్లు మీదుగా హోస్పేట వెళ్ళి, అక్కణ్ణించి దొరికిన లారీ ఎక్కి పొలాలు చూసొచ్చారట. మట్టి గుప్పిట్లో నలిపి చూడ్డం అదీ ఉంది కానీ, అసలు పరీక్ష అది కాదు. కాలవ మొదలయ్యేది మునిరాబాద్ దగ్గర. అక్కణ్ణించి గంగావతి, సింధనూరు, మాన్వి, చివర రాయచూరు, 200 కిలోమీటర్ల పైన. వీళ్ళడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ చేను కాలవకి ఎగువనా, శివారా? శివారు ఆయకట్టు అంటే ఏంటో గోదావరి జిల్లా రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. పై వాళ్ళ మడులు తడిసి పొంగేదాకా కింద వాడికి చుక్క రాదని తెలుసు. తెలుసు కాబట్టే ఎగువన కొన్నారు. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, మామ్మ గర్వంగా చెప్పిన మాటే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాళ్ళు పడ్డ కష్టం చిన్నది కాదు. మొదటి రెండేళ్ళు తాటాకు పాక. తాటాకు కూడా అక్కడ దొరక్క ఆ తర్వాత జొన్నచొప్ప కప్పారట. మలేరియా, పాములు, మంచినీళ్ళకి కాలవే గతి. ఎద్దులతో ఎత్తుపల్లాలు లాగి మడులు కట్టారు. పిల్లలు కన్నడ బడిలో వెనక బెంచీలు. మా నాన్న ఇప్పటికీ ఎక్కాలు కన్నడంలోనే గొణుక్కుంటారు. గంగావతి దగ్గర శ్రీరామనగర్ లాంటివి పక్కా తెలుగు ఊళ్ళు, అయినా అందర్నీ "క్యాంపు వాళ్ళు" అనే అంటారు. (సింధనూరు దగ్గర తూర్పు పాకిస్తాను నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకి ఇచ్చిన ఊళ్ళూ క్యాంపులే. ఆ నల్లరేగడిలో చేపల పులుసు రెండు రకాలుగా వండుతారన్నమాట.)

పదేళ్ళు తిరిగేసరికి ఆరుతడి అని రాసిన చోటా వరే, ఏమీ రాయని చోటా వరే. రెండు పంటలు. రైసు మిల్లులు లేచాయి. గంగావతికి కర్ణాటక అన్నపూర్ణ అని పేరొచ్చింది, సోనా మసూరి బెంగుళూరు దాకా పోయింది. తర్వాత స్థానిక రైతులూ అదే దారి పట్టారు, కాబట్టి ఇది కేవలం తెలుగువాళ్ళ పని అనడం కుదరదు. తూములు పెద్దవి చెయ్యడం, రాత్రిళ్ళు గండి కొట్టడం, లస్కర్లని మంచి చేసుకోవడం, నాయకుల దగ్గరికి వెళ్ళి ఒత్తిడి తేవడం, అన్నీ అందరూ నేర్చుకున్నారు. ఆఫీసర్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కొన్ని ఎగువ పొలాల్లో నీళ్ళెక్కువై చౌడు తేలింది కూడా.

ఎకరం వరి తాగే నీళ్ళతో ఆరుతడి రెండు మూడెకరాలు పండించొచ్చు. పైన అన్ని వేల ఎకరాల్లో వరి నిలబడిందంటే కింద ఏదో ఎండాలి కదా?

ఎండింది మా టీములో కుర్రాడి ఊరు. మాన్వి తాలూకా. ఎక్సెల్ షీటు గోల జరుగుతున్నప్పుడు నేను మా తాతయ్య కథ కాస్త గొప్పగానే చెప్పాను. అతను పెరుగన్నం కలుపుతూ విని, "గంగావతిలోనా సార్? మా చేను డిస్ట్రిబ్యూటరీ పక్కనే. లోకలైజేషన్ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నీళ్ళే ఎప్పుడూ రాలేదు" అన్నాడు. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. వాళ్ళమ్మా నాన్నా ఏటా గుళే వెళ్ళేవాళ్ళట. గుళే అంటే అక్కడి మాటలో బతుకుతెరువుకి ఊరొదిలిపోవడం. బెంగుళూరులో అపార్ట్‌మెంట్లకి ఇటుకలు మోసి అతన్ని చదివించారు. నా ఇంజనీరింగు ఫీజు గంగావతి వడ్లమ్మి కట్టారు.

నేనేం మాట్లాడలేకపోయాను. తాతయ్య ఎవర్నీ మోసం చెయ్యలేదు. అడిగిన ధర ఇచ్చి, రిజిస్ట్రీ చేయించుకుని, వొళ్ళు వంచి పని చేసారు. కానీ ఆయన మెట్ట ధర ఇచ్చి మాగాణీ చేసుకున్నారు. ఆ రెండింటి మధ్య తేడా డబ్బు ఎవరూ కట్టలేదని నేననుకునేవాణ్ణి. కట్టారు, 100 కిలోమీటర్ల కింద, వాళ్ళకి తెలీకుండానే. ఆ రాత్రి మామ్మకి ఫోను చేసి, మనకి పొలం అమ్మినాయన ఏమయ్యాడని అడిగాను. చాలాసేపు ఆగి, "కొన్నాళ్ళు మన చేలోకే నాట్లకొచ్చేవారు, మంచాయన" అంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు గంగావతి నుంచి మా బాబాయి ఏడుపు గొంతుతో ఫోను చేసాడు. కన్నయ్యనాయుడు గారు వచ్చి స్టాప్‌లాగ్ పెట్టించేదాకా ఆ ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. మా టీము కుర్రాణ్ణి అడిగితే, "మా నాన్న టీవీలో చూసాడు సార్, అంతే" అన్నాడు. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక పడి 105 దగ్గరికొచ్చింది. బాబాయి ఇప్పటికీ రెండో పంటా వరే వేస్తానంటాడు. ఈ విషయం మీద నాకూ ఆయనకీ పెళ్ళిళ్ళలో గొడవే.

సంక్రాంతికి ఇద్దరం వెళ్ళొద్దామనుకున్నాం. గంగావతిలో మొదలెట్టి కిందికి పోదామని నేనన్నాను. వద్దు, మా ఊరి దగ్గర ఆఖరి తూము నుంచి మొదలెట్టి పైకి పోదాం సార్ అంటున్నాడు. గట్టు మీద కారు పోదట, బైకులు అడిగి ఉంచాడు.