కాలేయ కేన్సర్‌: ఆర్‌ఎన్‌ఏ మీది రసాయన గుర్తులు ఏం చెబుతున్నాయి?

ప్రపంచంలో కేన్సర్‌ మరణాలకు దారితీస్తున్నవాటిలో కాలేయ కేన్సర్‌ది మూడో స్థానం. అంతర్జాతీయ కేన్సర్‌ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2022లో సుమారు 8.66 లక్షల మందిలో ఈ వ్యాధి కొత్తగా బయటపడింది, 7.58 లక్షల మంది దీనితో చనిపోయారు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండటమే వ్యాధి తీవ్రతకు నిదర్శనం. లక్షణాలు కనిపించేసరికే చాలామందిలో కణితి ముదిరిపోయి ఉంటుంది. హెపటైటిస్‌ బి, సి వైరస్‌లు, మద్యం, కాలేయంలో కొవ్వు పేరుకుపోవడం, బూజు పట్టిన గింజల్లో తయారయ్యే అఫ్లటాక్సిన్‌ దీనికి ప్రధాన కారణాలు.

కేన్సర్‌ అనగానే డీఎన్‌ఏలో వచ్చే మార్పులే గుర్తుకొస్తాయి. అయితే జన్యువులో అక్షరం ముక్క మారకపోయినా, దాని నకలైన ఆర్‌ఎన్‌ఏ మీద పడే రసాయన గుర్తులు కణాన్ని దారి తప్పించగలవని కొన్నేళ్లుగా పరిశోధనలు చూపుతున్నాయి.

గుర్తులు అంటే?

డీఎన్‌ఏలోని సమాచారం మెసెంజర్‌ ఆర్‌ఎన్‌ఏగా నకలై, దాని ఆధారంగా ప్రోటీన్లు తయారవుతాయి. ఆ నకలుకు కణం అదనంగా కొన్ని రసాయన సమూహాలను తగిలిస్తుంది. ఇలాంటి మార్పులు 170కి పైగా ఉన్నాయి. మెసెంజర్‌ ఆర్‌ఎన్‌ఏ లోపలి భాగంలో ఎక్కువగా కనిపించేది ఎం6ఏ. అడెనోసిన్‌ అనే అక్షరం ఆరో స్థానంలో ఒక మిథైల్‌ సమూహం చేరడమే ఇది.

ఆఫీసులో ఫైలు మీద అంటించే చీటీ లాంటిది ఈ గుర్తు. ఫైల్లోని విషయం మారదు. అది వెంటనే కదలాలా, బీరువాలో పడి ఉండాలా, చెత్తబుట్టలోకి పోవాలా అన్నది చీటీని బట్టి ఉంటుంది. ఈ గుర్తును పెట్టే ఎంజైమ్‌లలో ముఖ్యమైనవి మెటిల్‌-3, మెటిల్‌-14. ఈ రెండూ జంటగా పనిచేస్తాయి. ఎఫ్‌టీఓ, ఆల్క్‌బీహెచ్‌-5 దాన్ని చెరిపేస్తాయి. వైటీహెచ్‌డీఎఫ్‌-2 వంటి ప్రోటీన్లు గుర్తును చదివి ఆర్‌ఎన్‌ఏ భవిష్యత్తును తేలుస్తాయి.

ఎం6ఏ కథకు కాలేయ కేన్సర్‌తో మొదటి నుంచీ సంబంధం ఉంది. 1974లో అమెరికా పరిశోధకులు మెసెంజర్‌ ఆర్‌ఎన్‌ఏలో దీన్ని గుర్తించింది ఎలుక కాలేయ కేన్సర్‌ కణాల్లోనే. కానీ దాని పనేమిటో దశాబ్దాల పాటు తేలలేదు. ఎఫ్‌టీఓ ఈ గుర్తును చెరపగలదని 2011లో తేలింది. ఏ ఆర్‌ఎన్‌ఏల మీద ఎక్కడెక్కడ ఈ గుర్తులున్నాయో చూపే పటాలు 2012లో వచ్చాయి. పరిశోధన వేగం పుంజుకున్నది ఆ తర్వాతే.

కాలేయంలో ఏం జరుగుతోంది?

కాలేయ కణితుల్లో మెటిల్‌-3 మోతాదు మించి ఉందని హాంకాంగ్‌ పరిశోధకులు 2018లో ప్రకటించారు. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే సాక్స్‌-2 జన్యువు నకళ్లకు అది గుర్తులు పెడుతోంది. వైటీహెచ్‌డీఎఫ్‌-2 వాటిని గుర్తుపట్టి ధ్వంసం చేయిస్తోంది. కళ్లెం తెగిన కణం ఇష్టారాజ్యంగా పెరుగుతుంది.

అయితే అంతకు ముందు ఏడాది, 2017లో, చైనా పరిశోధకులు దీనికి భిన్నమైన ఫలితం చూపారు. ఇతర భాగాలకు పాకే కాలేయ కణితుల్లో మెటిల్‌-14 తగ్గిపోయిందని, దానివల్ల వ్యాప్తిని అడ్డుకునే ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ తయారీ కుంటుపడిందని వారు చెప్పారు. జంటగా పనిచేసే రెండు ఎంజైమ్‌లలో ఒకటి పెరిగితే చేటు, మరొకటి తగ్గితే చేటు అన్నమాట. గుర్తులు మొత్తం ఎన్ని ఉన్నాయన్నదానికన్నా అవి ఏ సందేశం మీద పడ్డాయి, వాటిని ఎవరు చదివారు అన్నదే కీలకమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎం6ఏ ఒక్కటే కాదు. అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ మీద ఎం7జీ గుర్తు పెట్టే మెటిల్‌-1 కూడా కాలేయ కేన్సర్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. కణితికి పనికొచ్చే ప్రోటీన్ల తయారీని అది వేగవంతం చేస్తుంది. ఇంకొన్ని మార్పులు చీటీ అంటించడంతో ఆగవు, ఫైల్లోని అక్షరాన్నే మార్చేస్తాయి. అడార్‌-1 ఎంజైమ్‌ అడెనోసిన్‌ను ఇనోసిన్‌గా మార్చడం అలాంటిదే. దీనివల్ల అజిన్‌-1 ప్రోటీన్‌లో సెరీన్‌ ఉండాల్సిన చోట గ్లైసీన్‌ వచ్చి చేరుతుందని, అది కాలేయ కణాలను కేన్సర్‌ వైపు నెడుతుందని 2013లో వెల్లడైంది.

వైరస్‌కూ అదే ఆయుధం

హెపటైటిస్‌ బి వైరస్‌ డీఎన్‌ఏ వైరసే అయినా, తన సంతతిని పెంచుకునేందుకు మధ్యలో ఆర్‌ఎన్‌ఏ రూపం దాల్చి మళ్లీ డీఎన్‌ఏగా మారుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ మీదా ఎం6ఏ గుర్తులున్నాయని 2018లో తేలింది. ఒక చివరనున్న గుర్తు వైరస్‌ మళ్లీ డీఎన్‌ఏగా మారేందుకు తోడ్పడితే, రెండో చివరనున్నది ఆర్‌ఎన్‌ఏను త్వరగా నశింపజేస్తుంది. గుర్తు ఒకటే, చోటును బట్టి ఫలితం వేరు.

చికిత్స ఎంత దూరం?

మెటిల్‌-3ని అడ్డుకునే ఎస్‌టీఎం2457 అనే అణువు ఎలుకల్లో ఒక రకం రక్త కేన్సర్‌ను నెమ్మదింపజేసిందని 2021లో బ్రిటన్‌ పరిశోధకులు చూపారు. అదే కోవకు చెందిన ఎస్‌టీసీ-15ను 2022లో మనుషులపై పరీక్షించడం మొదలుపెట్టారు. కాలేయం విషయంలో తొందరపడకూడదనడానికి ఒక కారణముంది. ముదిరిన కాలేయ కేన్సర్‌కు 2007 నుంచి వాడుతున్న సొరాఫెనిబ్‌కు లొంగని కణితుల్లో మెటిల్‌-3 తగ్గి ఉందని 2020లో ఒక అధ్యయనం చెప్పింది. అంటే ఈ ఎంజైమ్‌ను అణచే మందు ఒక రోగికి మేలు చేసి, మరొకరిలో వాడుతున్న మందును పనిచేయకుండా చేసే ప్రమాదముంది. ఏ రోగి కణితిలో ఏ గుర్తు ఏం చేస్తోందో ముందుగా పసిగట్టగలిగితేనే ఈ దారి సురక్షితం.

ప్రస్తుతానికి సిర్రోసిస్‌ వంటి ముప్పు ఉన్నవారికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్‌, దానితోపాటు రక్తంలో ఏఎఫ్‌పీ పరీక్షే ఆధారం. వ్యాధి రాకుండా చూసుకునే సాధనం మాత్రం ఎప్పటినుంచో చేతిలో ఉంది. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో దేశీయంగా తయారుచేసిన హెపటైటిస్‌ బి టీకా తెచ్చాక, అప్పటిదాకా దిగుమతుల మీదే ఆధారపడి ఖరీదుగా ఉన్న ఈ టీకా సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడది సార్వత్రిక టీకా కార్యక్రమంలో భాగం. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు తొలి మోతాదు వేయించాలి. ఆర్‌ఎన్‌ఏ గుర్తుల పరిశోధన ఇప్పటికే వ్యాధి బారిన పడినవారి కోసం. రేపటి తరం ఆ దాకా వెళ్లకుండా ఆపగలిగేది ఈ తొలి రోజు టీకా.