ముసుగు తీస్తేగాని తెలియదు



మొన్నొక మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. మా చిన్నమ్మాయి పత్రిక ఒకటి పట్టుకొచ్చి, "అమ్మా, ఈ బొమ్మలో ఆడపిల్ల ఎవరో చెప్పుకో చూద్దాం" అంది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, వెదురు కత్తులు ముందుకి చాపి ఉన్నారు. ఇద్దరికీ ముదురు నీలం రంగు వదులు బట్టలు. ముఖానికి ఊచల ముసుగు, రొమ్ముకి కవచం, చేతులకి లావుపాటి తొడుగులు. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. తెలిస్తే ఒట్టు!

అది జపాన్ వాళ్ళ కెండో అనే కత్తి విద్య. పూర్వం సమురాయిలనే యోధులు అభ్యసించిన కత్తిసాము ఇప్పుడు ఆటగా, వ్యాయామంగా, ఒక విధమైన మనోనిగ్రహంగా మిగిలిందన్నమాట. అసలు కత్తికి బదులు నాలుగు వెదురు బద్దలు కలిపి కట్టిన షినాయ్ అనే కత్తితో ఆడతారు. తల, ముంజేయి, పక్క డొక్కలు, గొంతు — ఈ నాలుగుచోట్లే దెబ్బ లెక్కకొస్తుంది. అదైనా కత్తి తగిలితే చాలదు. అరుపు, అడుగు, కత్తి మూడూ ఒక్కసారే పడాలి. కొట్టాక "గెలిచాను" అని చెయ్యెత్తి సంబరపడితే, ఇచ్చిన పాయింటు కూడా రద్దు చేస్తారు. ఈ నియమం మాత్రం నాకు భలే నచ్చింది.

బొమ్మలో ఉన్న ఇద్దరిలో ఒకరు అమ్మాయేనట. కింద రాశారు. అప్పుడు మా పిల్ల అడిగింది: "ముసుగు వేసుకుంటే ఎవరెవరో తెలియనప్పుడు, మగవాళ్ళ జట్టు వేరు, ఆడవాళ్ళ జట్టు వేరు అని ఎందుకు పెట్టారు?" ఆ క్షణాన నాకు జవాబు తోచలేదు. తరువాత దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఈ రోజు మీతో ముచ్చటిస్తాను.

ఆడవాళ్ళు కత్తి పట్టడం ఈమధ్య వచ్చిన చోద్యం అనుకుంటాం గదా. కాదు. జపాన్‌లో సమురాయి ఇంటి ఆడపిల్లలకి నగినాత అనే ఆయుధం నేర్పేవారు. పొడుగాటి కర్ర, దాని చివర వంపు తిరిగిన కత్తి. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు శత్రువు వస్తే ఇంటిని కాపాడుకోవడానికి అది. గడప దాటడానికి కాదు, గడప కాయడానికి.

కాని గడప దాటినవాళ్ళూ ఉన్నారు. టోక్యోకి ఎదో అని పేరున్న రోజుల్లో చిబా సదకిచి అనే గురువు అక్కడ కత్తిసాము పాఠశాల నడిపేవాడు. ఆయన కూతురు సానా. 1838లో పుట్టింది. ఉవాజిమా ప్రభువుల ఇంటి ఆడవాళ్ళకి నగినాత నేర్పడానికి వెళ్ళేది. 1856లో ఆ ఇంటి యువరాజుతోనే తలపడి గెలిచిందని ఆ వంశంవారి రికార్డుల్లోనే రాసుకున్నారు. ఓడింది తమ పిల్లవాడు, గెలిచింది పాఠం చెప్పవచ్చిన అమ్మాయి. అయినా దాచకుండా రాసుకున్నారు చూడండి!

ఇంకో ముచ్చట. జపాన్ చరిత్రలో పేరు మోసిన సకమోతో ర్యోమా ఆ చిబా వారి పాఠశాలలోనే నేర్చుకున్నాడు. 1858లో ఆయనకి ఇచ్చిన నగినాత యోగ్యతాపత్రం మీద గురువుగారి పేరుతోపాటు సానా పేరు, ఆమె చెల్లెళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఒక మగవాడి పట్టా మీద ఆడపిల్లల పేర్లు! మనలో ఎంతమంది పేర్లు ఇంటి కాగితాల మీదనైనా ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి.

పదేళ్ళు తిరక్కుండానే అంతర్యుద్ధం వచ్చింది. 1868లో ఐజు అనే సంస్థానం మీదికి చక్రవర్తి పక్షం సేనలు వచ్చాయి. నకనో తకేకో అనే ఇరవై ఒక్క ఏళ్ళ యువతి, తల్లి, చెల్లెలు, మరికొంతమంది స్త్రీలు నగినాతలు పట్టుకుని యుద్ధానికి వస్తామన్నారు. సంస్థానం అధికారులు వారిని సేనలో చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. ఆడవాళ్ళని యుద్ధానికి పంపారంటే పరువు పోతుందని బెంగ కాబోలు. వాళ్ళు ఆగలేదు. తమకు తామే ఒక దళంగా వెళ్ళి పోరాడారు. తకేకో తుపాకి గుండు తగిలి చనిపోయింది. ఆ స్త్రీల దళానికి పేరు కూడా తరువాతి కాలంలో పెట్టిందే. మగవాళ్ళ పక్కన నిలబడి చనిపోవచ్చు గాని, వాళ్ళ పట్టీలో పేరు మాత్రం ఉండదన్నమాట.

యుద్ధం ముగిశాక సమురాయిల బతుకే తలకిందులైంది. జీతాలు లేవు, పని లేదు. అప్పుడు సకకిబరా కెంకిచి అనే గురువుకి ఒక ఉపాయం తోచింది. 1873లో టోక్యోలోని అసకుసాలో టిక్కెట్టు పెట్టి కత్తిసాము ప్రదర్శనలు మొదలుపెట్టాడు. మల్లయుద్ధాల పద్ధతిలోనే తూర్పు జట్టు, పడమర జట్టు. వాటిలో ఆడవాళ్ళూ ఉండేవారు. నగినాత పట్టిన స్త్రీ ఒకవైపు, కత్తి పట్టిన పురుషుడు ఒకవైపు. జనం విరగబడి వచ్చారు. విద్యని సంతలో పెట్టారని పెద్దలు కొందరు ఈసడించుకున్నారు. ఏమైతేనేం, వందలమంది కళ్ళెదుట ఆడా మగా సమానంగా తలపడ్డది అక్కడే.

అలాంటి ప్రదర్శన బృందంలో నేర్చుకుని పైకొచ్చిన మనిషి సోనోబె హిదేఓ. ఆమె 1870లో పుట్టింది. హిదేఓ అన్నది మగవాళ్ళు పెట్టుకునే పేరు. ఆమె విద్యకి మెచ్చి గురువులు ఇచ్చిన పేరది. 1899లో క్యోతోలో జరిగిన పెద్ద ఉత్సవంలో వతనబె నోబోరు అనే ప్రసిద్ధ ఖడ్గవీరుణ్ణి ఆమె నగినాతతో ఓడించింది. ఆయన వయసు అప్పటికి అరవై దాటింది, నిజమే. ఆమెకింకా ముప్ఫై నిండలేదు. అయినా సామాన్యుడు కాడాయన. యువకుడిగా ఉన్నప్పుడు ఎదోలోని గొప్ప పాఠశాలల్లో ఒకదానికి శిష్యులందరిలోకి పెద్ద.

నగినాతకీ కత్తికీ పోటీ పెడితే ఒక చిక్కుంది. నగినాత పొడుగు ఏడడుగులపైనే. దానితో మోకాలి కింద పిక్క మీద కూడా కొట్టొచ్చు. అందుకని కత్తి పట్టినవాడు కాళ్ళకి కూడా కవచం కట్టుకోవాలి. అంటే మగవాడి బలానికి ఆడదాని ఆయుధం పొడుగు సరిపోయేదన్నమాట. ఆ రోజుల్లో తేడాని సర్దుకునే పద్ధతి అది: విడదీయడం కాదు, తూకం సరిచూడటం.

మరి గోడ ఎప్పుడు లేచింది? నాకు అర్థమైనంతవరకు బడిలో లేచింది. 1911లో మగపిల్లల మాధ్యమిక పాఠశాలల్లో కత్తిసాము నేర్పడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆడపిల్లల ఉన్నత పాఠశాలల్లో నగినాతకి 1936లో అనుమతి వచ్చింది. అబ్బాయిలకి ఒక విద్య, అమ్మాయిలకి ఒక విద్య, మధ్యన పాతికేళ్ళ తేడా. ఎదురెదురుగా నిలబడ్డ రెండు ఆయుధాలు ఇప్పుడు రెండు గదుల్లోకి వెళ్ళిపోయాయి. మనం "అనాదిగా వస్తున్న ఆచారం" అనుకునేవి కొన్ని ఇలాగే ఉంటాయి. తవ్వి చూస్తే ఏ పాఠశాల టైంటేబిల్లోనో బయటపడతాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిపోయాక 1945లో బడుల్లో ఈ యుద్ధవిద్యలన్నీ ఆపేశారు. మళ్ళీ 1952లో కెండో సమాఖ్య ఏర్పడింది. 1953లో అఖిల జపాన్ పోటీలు మొదలయ్యాయి. అది మగవాళ్ళ సంగతి. ఆడవాళ్ళ కెండోకి అఖిల జపాన్ పోటీ 1962లో వచ్చింది. సోనోబె హిదేఓ ఆ మరుసటి సంవత్సరమే, 1963లో, కన్నుమూసింది. ఆమె నగినాత మనిషే గాని కెండో మనిషి కాదు. అయినా ఆడవాళ్ళ చేతికి వెదురు కత్తి ఇచ్చి దేశమంతా చూసే పోటీ పెట్టారన్న వార్త ఆవిడ బతికుండగానే వచ్చింది. ఆ మాట తలచుకుంటే నాకు తృప్తిగా ఉంటుంది.

ఇక ఈనాటి సంగతి. కెండో జట్టులో సాధారణంగా ఐదుగురు. మొదట దిగేవాడికి ఒక పేరు, మధ్యవాడికి ఒక పేరు, చివర దిగే నాయకుడికి తైషో అని పేరు. ఇటు మొదటివారు అటు మొదటివారితో, ఇటు మూడోవారు అటు మూడోవారితో తలపడతారు. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల పోటీల్లో ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే జట్టులో ఉండటం మామూలే. ఆడపిల్ల తైషోగా దిగితే ఎవరూ వింతగా చూడరు. ఆ వయసులో కొన్ని ఇళ్ళల్లో ఆడపిల్లే పొడుగు కూడాను.

కాని పన్నెండు నిండి పై బడికి వెళ్ళగానే జట్లు వేరైపోతాయి. అక్కణ్ణుంచి కళాశాలలోను, దేశ స్థాయిలోను, 1970 నుంచి జరుగుతున్న ప్రపంచ పోటీల్లోను ఆడవాళ్ళ జట్టు వేరే. చిత్రమేమిటంటే, సాధన మాత్రం విడిపోదు. అదే హాలు, అదే గురువు, అవే కవచాలు. సాయంత్రం అంతా మగవాళ్ళతోనే తలపడి చెమటలు కక్కిన అమ్మాయి, పోటీ రోజున మాత్రం వేరే వరుసలో నిలబడుతుంది. పెద్దవాళ్ళ షినాయ్ పొడుగు ఇద్దరికీ ఒక్కటే, నూట ఇరవై సెంటీమీటర్లకి మించకూడదు. బరువులో మాత్రం తేడా: మగవాళ్ళది 510 గ్రాములకి, ఆడవాళ్ళది 440 గ్రాములకి తగ్గకూడదు. అంటే డెబ్భై గ్రాముల తేడా. మన చారెడు కందిపప్పు తూగేంత!

వేరు పెట్టడానికి కారణాలు లేకపోలేదు. కెండోలో కొట్టిన ఊపున ఒళ్ళూ ఒళ్ళూ ఢీకొంటాయి. బరువైన మనిషి వచ్చి తాకితే తేలికమనిషి తూలిపోవచ్చు. గొంతు మీద పొడుపు బలంగా పడితే ప్రమాదం. ఇవి కొట్టిపారేసే మాటలు కావు.

ఇంకో మాట ఉంది, అది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. జట్టు పోటీలో సమంగా ముగిసిన ఆటకి కూడా విలువ ఉంటుంది. అందుకని కలిపి ఆడించినప్పుడు "నువ్వు గెలవక్కర్లేదమ్మా, ఓడిపోకుండా నెట్టుకురా చాలు" అని అమ్మాయికి చెప్పే ప్రమాదం ఉంది. ఆవిడ లెక్కకి ఐదోమనిషి అయిపోతుంది. అదే ఆడవాళ్ళ పోటీ వేరే ఉంటే, గెలవడానికే దిగుతుంది. నాయకురాలూ ఆడదే, విజేతా ఆడదే. కనుక 1962లో వచ్చిన ఆ పోటీ ఒక గోడే కాదు, ఒక ఇల్లు కూడా. మొదట నాకు వేరు పెట్టడమే తప్పనిపించింది. ఇది చదివాక అంత తేలిగ్గా అనలేకపోయాను.

అయితే ఇల్లు ఉన్నంతమాత్రాన వీధి తలుపు మూసెయ్యాలా? జపాన్ బయట కెండో నేర్చుకునేవాళ్ళు తక్కువగా ఉన్నచోట ఐదుగురు పోగవడమే కష్టం. అలాంటిచోట కొన్ని పోటీల్లో ఆడా మగా కలిసి ఒకే జట్టుగా దిగుతారు. బాడ్మింటన్‌లో మనకి తెలిసిందేగా — ఆడవాళ్ళ డబుల్స్ ఉంది, మగవాళ్ళ డబుల్స్ ఉంది, మిక్సెడ్ డబుల్స్ కూడా ఉంది. ఒకటి ఉందని ఇంకోటి తీసెయ్యలేదు. కెండోకి మాత్రం అది ఎందుకు కూడదు?

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. చిన్నప్పుడు మా పెరట్లో తాడు కట్టి మా అన్నయ్యా నేనూ రింగు టెన్నిస్ ఆడేవాళ్ళం. వీధి పిల్లలతో పందేలు వేసి, ఇద్దరం ఒక జట్టుగా దిగేవాళ్ళం. నేను ముందు, వాడు వెనక. నాకు పదమూడో ఏడు రాగానే మా బామ్మ "ఇక చాల్లే, మగపిల్లలతో ఆ గెంతులేమిటి" అంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రింగు అటకెక్కింది, అంతే. మెట్రిక్ పాసయ్యేలోపు దాని ఊసే మరచిపోయాను. చాలా ఏళ్ళ తరువాత ఒకసారి అన్నయ్య అన్నాడు: "నువ్వు మానేశాక నాకు జత కుదరలేదే. నేనూ మానేశాను." ఆ మాట అప్పుడు నవ్వుతూ విన్నాను. గోడ కడితే అవతలివాళ్ళకి కూడా చోటు తగ్గుతుందని ఇప్పుడు తెలుస్తోంది.

పన్నెండేళ్ళకి జట్టు మారిన ఆ జపాన్ పిల్లలకీ, పదమూడేళ్ళకి రింగు అటకెక్కించిన నాకూ పెద్ద తేడా లేదనిపించింది. తేడా అల్లా ఒక్కటే. వాళ్ళ చేతిలో వెదురు కత్తి ఉండిపోయింది.

మా చిన్నమ్మాయికి ఇదంతా చెప్పాను. అది కాసేపు ఊరుకుని మళ్ళీ ఆ బొమ్మ తీసి చూసింది. కెండో ఆడేవాళ్ళ నడుముకి కట్టిన కవచం మీద ముందువైపు ఒక గుడ్డ ఉంటుంది. దాని మీద వాళ్ళ జట్టు పేరు, ఇంటిపేరు ఉంటాయి. ఆడా మగా అని ఉండదు. "ఇంతమాత్రం చాలు గదమ్మా" అంది మా పిల్ల.

వచ్చే ఆదివారం మా పెరట్లో తాడు కట్టమని అబ్బాయికి చెప్పాను. రింగు కొత్తది కొనాలి. వాడు, వాడి చెల్లెలు ఒక జట్టు. మీ పెరట్లోనూ కాస్త చోటుంటే చూడండి.

సెలవు.